సవరణ: శాంతోరిని కుడ్యచిత్రాలు, ఫావా పప్పు

గ్రీసులోని శాంతోరిని ద్వీపానికి ప్రయాణం గురించి నేను ఇంతకుముందు రాసినదాంట్లో రెండు తప్పులు ఉన్నాయి. అది చదివి ఎవరైనా ప్లాన్ వేసుకుంటుంటే ముందు ఇది చూడండి.

ఆ ద్వీపంలోని అక్రోతిరి అనే పురాతన ఊరి తవ్వకాల దగ్గరే, అక్కడ దొరికిన ప్రసిద్ధ కుడ్యచిత్రాలన్నీ చూడొచ్చని రాశాను. అది నిజం కాదు. సుమారు 3,600 ఏళ్ల క్రితం అగ్నిపర్వతం పేలి, బూడిద కింద కప్పబడిపోయిన ఊరది. గ్రీకు పురావస్తు శాస్త్రవేత్త స్పిరిడాన్ మారినాటోస్ 1967లో అక్కడ తవ్వకాలు మొదలుపెట్టారు. ఇప్పుడు పైకప్పు కింద వీధులూ, ఇళ్ల గోడలూ, పెద్ద పెద్ద మట్టి జాడీలూ కనిపిస్తాయి. చిత్రాలు మాత్రం మ్యూజియాల్లో ఉన్నాయి. నీలి కోతుల చిత్రం శాంతోరినిలోనే ఫీరా ఊళ్లోని ప్రాచీన చరిత్ర మ్యూజియంలో ఉంది. లిల్లీ పూల మధ్య పిచ్చుకల్లాంటి స్వాలో పక్షులు ఎగిరే వసంత చిత్రం, ముష్టియుద్ధం చేసే పిల్లల చిత్రం ఏథెన్స్ జాతీయ పురావస్తు మ్యూజియంలో ఉన్నాయి. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆ వసంత చిత్రమే. దాని కోసం ఏథెన్స్‌లో ఒక పూట తప్పకుండా ఉంచుకోండి.

రెండోది తిండి సంగతి. అక్కడ వడ్డించే ఫావా అంటే పెద్ద చిక్కుడు గింజలని రాశాను. పేరు చూసి పొరబడ్డాను. శాంతోరిని ఫావా పసుపు రంగు పప్పు, మన కేసరిపప్పుకు దగ్గరి చుట్టం. మెత్తగా ఉడికించి, ఆలివ్ నూనె పోసి, ఉల్లిపాయ ముక్కలు చల్లి పెడతారు. మాంసం తినని వాళ్లు నిశ్చింతగా అడగొచ్చు.