గుంటూరు రోజుల్ని మరిచిపోవద్దు

ఆంధ్రా యూనివర్సిటీ తొలి ఏళ్ల మీద మీ వ్యాసం ఆగకుండా చదివాను. 1926లో బెజవాడలో మొదలై 1930లో విశాఖలోని వాల్తేరు చేరడం, మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డిగారి రాజీనామా, ఆయన తర్వాత వైస్ ఛాన్సలర్‌గా వచ్చిన రాధాకృష్ణన్‌గారి కాలం, అన్నీ బాగా చెప్పారు. కానీ 1942 నుంచి 1946 దాకా గుంటూరులో గడిపిన నాలుగేళ్లను ఒక్క వాక్యంతో దాటేశారు. అది నాకు బాధనిపించింది.

రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాక, చదువు ఆగిపోకూడదని యూనివర్సిటీనే మూటగట్టుకుని గుంటూరు వెళ్లారు. మా తాతయ్య అప్పుడు ఆ యూనివర్సిటీలో విద్యార్థి. ట్రంకు పెట్టెలో ఆయన నోటుపుస్తకం ఒకటి ఇప్పటికీ ఉంది. సగం వాల్తేరులో, సగం గుంటూరులో రాసింది. మధ్యలో రెండు పేజీలు ఖాళీ, ఆ తర్వాత సిరా రంగు మారిపోతుంది. ఆ ఖాళీ పేజీలు చూసినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

ఇంకో మాట. జయపురం (ఇప్పటి ఒడిశాలో ఉంది) మహారాజా విక్రమదేవవర్మగారు యూనివర్సిటీకి ఏటా లక్ష రూపాయలు ఇచ్చేవారు. ఆ రోజుల్లో లక్షంటే మాటలా! సైన్సు కాలేజీ నిలదొక్కుకోవడానికి ఆ డబ్బే ఆధారం. ఆయన గురించి విడిగా ఒక వ్యాసం రాయండి.

అలాగే రాయలసీమ జిల్లాలు ఆంధ్రా యూనివర్సిటీని వదిలి మళ్లీ మద్రాసు యూనివర్సిటీ కిందకే ఎందుకు వెళ్లాయో కూడా చెప్పాలి. కోస్తా, సీమ నాయకుల మధ్య కుదిరిన 1937 శ్రీబాగ్ ఒప్పందంలో అనంతపురంలో యూనివర్సిటీ కేంద్రం కావాలని అడిగింది అందుకే కదా.