ఆరు శ్రుతి నుంచి ఏడు శ్రుతికి: ఒక వీడ్కోలు పాట ఎక్కిన మెట్లు

ఈ మధ్య నెల్లూరులో ఒక పాటల పోటీకి న్యాయనిర్ణేతగా కూర్చున్నాను. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. సినిమా పాటలు, కీర్తనలు, జానపదాలు సాగుతుండగా బుచ్చిరెడ్డిపాళెం నుంచి వచ్చిన ఇంటర్మీడియట్ విద్యార్థి ఒకరు అమెరికా గాయని విట్నీ హ్యూస్టన్ పాడిన ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ ఎత్తుకున్నాడు. మొదటి నుంచి కాదు, చివర్లో గొంతు ఒక్కసారిగా పైకి లేచే చోటు నుంచి. స్థాయి అందింది, ఊపిరి నిలిచింది, హాలంతా చప్పట్లు. నేనూ మంచి మార్కులే వేశాను. అయినా ఇంటికి వస్తున్నంతసేపూ ఏదో వెలితి. ఆ స్వరం ఎంత ఎత్తుకు వెళ్లిందో తెలిసింది గానీ, ఎక్కడి నుంచి బయలుదేరిందో తెలియలేదు.

ఆ పాట 1992 నవంబరు 3న సింగిల్‌గా విడుదలైంది. అది ‘ది బాడీగార్డ్’ సినిమా కోసం పాడినది. ఆ సినిమాకు ముందు వేరే పాట అనుకున్నారు. అది మరో సినిమాలో వచ్చేయడంతో, కథానాయకుడు, నిర్మాతల్లో ఒకరు అయిన కెవిన్ కాస్ట్‌నర్, గాయని డాలీ పార్టన్ రాసి పాడిన ఈ పాత పాటను సూచించాడు. అంతటితో ఆగలేదు. ఆరంభంలో ఒక్క వాద్యం కూడా ఉండకూడదని పట్టుబట్టాడు. రికార్డు కంపెనీకి అది రుచించలేదు. నలభై సెకన్లకు పైగా ఒట్టి గొంతు వినిపిస్తే రేడియో వాళ్లు వేస్తారా అన్నది వారి భయం. ఆ నెలాఖరుకే పాట అమెరికా బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి స్థానానికి చేరి 14 వారాలు అక్కడే నిలిచింది. అప్పటికి అదే రికార్డు. బ్రిటన్‌లో 10 వారాలు. 1994లో గ్రామీ పురస్కారం వచ్చింది. 2012 ఫిబ్రవరిలో విట్నీ మరణించినప్పుడు జనం మళ్లీ ఆ పాట దగ్గరికే వెళ్లారు. ఇరవై ఏళ్ల కిందటి పాట అదే బిల్‌బోర్డ్ జాబితాలో మూడో స్థానం దాకా వచ్చింది.

నేను మొదటిసారి దాన్ని ఒంగోలులో, విద్యార్థులం కలిసి ఉండే అద్దె గదిలో విన్నాను. మద్రాసు నుంచి ఎవరో తెచ్చిన క్యాసెట్. పాట మొదలయ్యాక వాద్యాలేవీ వినిపించకపోయేసరికి, టేపు పాడైందేమో అనుకుని మిత్రుడు ముందుకు తిప్పబోయాడు. ఇంకొకరు చెయ్యి పట్టుకుని ఆపారు. ఆ చెయ్యి ఆపకపోతే నేను ఆ పాట విన్నవాణ్ని కాను.

ఇలాంటి పాటను పవర్ బ్యాలడ్ అంటారు. అదేమిటని అడిగితే చాలామంది ‘గట్టిగా పాడే ప్రేమపాట’ అంటారు. గట్టిదనం ఆ పాటకు చివర్లో దక్కే ఫలం. అసలు పని అంతకుముందే జరుగుతుంది. తాళం లేకుండా, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు మొదలయ్యే ఆ భాగానికి మన లలిత సంగీతంలో చక్కని పేరుంది: సాకీ. లయ ఇంకా పుట్టలేదు. గొంతు ఎటైనా వెళ్లవచ్చు, ఎక్కడైనా ఆగవచ్చు. తరువాత వాద్యాలు ఒక్కొక్కటిగా వచ్చి చేరతాయి. నడుమ కిర్క్ వేలమ్ శాక్సఫోన్ వినిపిస్తుంది. మూడో చరణం ముగిశాక, మూడు నిమిషాలు దాటిన చోట, అంతా ఆగిపోతుంది. నిశ్శబ్దం. ఒకే ఒక్క డ్రమ్ము దెబ్బ. ఆ దెబ్బతో శ్రుతే మారిపోతుంది.

మన హార్మోనియం లెక్కలో చెబితే ఆరు శ్రుతిలో నడుస్తున్న పాట ఏడు శ్రుతికి ఎక్కుతుంది. మనకు ఇది చిన్న విషయం కాదు. శ్రుతి తల్లి, లయ తండ్రి అని నేర్చుకున్నవాళ్లం. కచేరీలో గాయకుడు మంద్రం నుంచి తారస్థాయి దాకా ఎంత తిరిగినా, కాళ్ల కింద నేలలా శ్రుతి కదలకుండా ఉంటుంది. ఇక్కడ ఆ నేలే పైకి లేస్తుంది. శాస్త్రం తెలియని శ్రోతకు కూడా ఒళ్లు జలదరించేది అందుకే. అయితే ఆరు శ్రుతిలో మూడు నిమిషాలు కూర్చున్నవారికే ఏడు శ్రుతి ఎత్తుగా వినిపిస్తుంది. నేరుగా ఏడులో మొదలుపెడితే ఏడు కూడా నేలే.

ఆ పోటీలో నాకు తోచిన వెలితి ఇదేనని ఆ రాత్రి పాట మొత్తం విన్నాక అర్థమైంది.

ఈ అనుభవం మన ప్రాంతానికి కొత్తది కాదు. ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో తిరునాళ్ల రాత్రుళ్లు పద్యనాటకం చూసినవారిని అడగండి. రాయబారం పద్యంలో నటుడు మొదటి మూడు పాదాలు అర్థం తెలిసేలా, మాటకు దగ్గరగా చదువుతాడు. నాలుగో పాదం చివర రాగం తీస్తాడు. హార్మోనియం వెంట పరుగెడుతుంది. జనంలోంచి ‘వన్స్ మోర్’ కేక లేస్తుంది. ఆ కేక వచ్చాక నటుడు ఏం చేస్తాడో గమనించారా? రాగం ఒక్కటే మళ్లీ తీయడు. పద్యం మొదటి నుంచి చదువుతాడు. జనం అడిగేదీ అదే.

ఈ రెండు సంప్రదాయాలనూ పండితులు ఒకే మాటతో తప్పుపట్టారు: అతి. నటనకే పెద్దపీట వేసిన రంగస్థల నటుడు బళ్లారి రాఘవ నాటకాన్ని పాటకచేరీగా మార్చడాన్ని మెచ్చలేదు. డాలీ పార్టన్ నిరాడంబరమైన పాటను విట్నీ భారీ ప్రదర్శనగా మార్చిందని అనుకున్న విమర్శకులూ ఉన్నారు. వారి మాటలో కొంత నిజం ఉంది. రాగం కోసం అర్థాన్ని మింగేసిన నటులను నేనూ చూశాను. విట్నీ తరువాత ఆమెను అనుకరించిన వందల గొంతుల్లో వినిపించేది వ్యాయామమే. కానీ అనుకరణ చేసిన తప్పును అసలు పాట మీద వేయడం అన్యాయం. విట్నీ పాటలో మొదటి సగమంతా ఆమె తన బలాన్ని దాచుకుంటూనే ఉంది.

పాట అర్థమే చూడండి. డాలీ పార్టన్ దీన్ని రాసింది 1973లో. ఏడేళ్లపాటు తనను టీవీ కార్యక్రమంలో నిలబెట్టిన పోర్టర్ వాగనర్‌ను విడిచి, సొంత దారి చూసుకోవాలనుకున్నప్పుడు ఆయనకు చెప్పుకున్న వీడ్కోలు ఇది. ప్రియుడి కోసం రాసిన పాట కాదు. మన పెళ్లిళ్లలో దీనికి దగ్గరగా ఉండేది అప్పగింతల పాట. అక్కడ ఇంట్లో ఉండిపోయేవారు పాడతారు, వెళ్లే పిల్ల ఏడుస్తుంది. ఇక్కడ వెళ్లే మనిషే పాడుతుంది, దీవించి మరీ వెళుతుంది. ఆ దీవెన ఉన్నది మూడో చరణంలో. విట్నీ పాట రికార్డింగు నిర్మాత డేవిడ్ ఫాస్టర్ చేతిలో ఉన్నది మరో గాయని లిండా రాన్‌స్టాట్ అంతకుముందు పాడిన రూపం. అందులో ఆ చరణం లేదు. పార్టన్‌కు ఫోను చేసినప్పుడు ఆమె చెప్పి చేర్పించింది. ఆ దీవెన లేకుండా డ్రమ్ము దెబ్బ పడి ఉంటే, పై స్థాయిలో వినిపించేది గొంతు బలం మాత్రమే. దీవించాక పడింది కాబట్టి అది గుండె పగిలిన చప్పుడైంది.

ఇప్పుడు తెలుగులో కూడా సినిమాకు ముందే పాటలు ఒక్కొక్కటిగా సింగిల్స్ పేరుతో వస్తున్నాయి. మొదటి ఇరవై నాలుగు గంటల్లో ఎంతమంది చూశారన్నదే ఆదరణకు కొలమానమైంది. తొందరగా ఆదరణ రావడం తప్పని నేను అనను. విట్నీ పాట కూడా వారాల్లోనే శిఖరానికి చేరింది. కానీ 1992లో రేడియో ముందు కూర్చున్నవారు ఆ శిఖరం వినాలంటే మూడు నిమిషాలు ఆగక తప్పలేదు. ఈనాటి ముప్పై సెకన్ల ముక్కకు ఆ అవసరం లేదు. పిల్లలు పాటను ఆ ముక్క నుంచే నేర్చుకుంటున్నారు. రెండు నిమిషాల గడువు పెట్టి, పై స్థాయికి మార్కులు వేసి, మా పోటీలు కూడా అదే నేర్పుతున్నాయి. నన్నూ కలిపే అంటున్నాను.

నెల్లూరు హరికథకుడు సాంబమూర్తి ఊరు, ఆయన కుమారుడు బాలసుబ్రహ్మణ్యం ఊరు. 1996లో మొదలైన ‘పాడుతా తీయగా’లో బాలు పిల్లలను ఎక్కువగా దిద్దింది అక్షరం పలకడంలో, భావం నిలపడంలో. ఇక్కడి ప్రభుత్వ సంగీత, నృత్య పాఠశాలకు ఆయన పేరే పెట్టారు. ఈ ఊరిలోనైనా ఒక్క పోటీలో పాటకు ఐదు నిమిషాలు ఇవ్వలేమా?

ఆ రోజు బహుమతులు అయ్యాక ఆ అబ్బాయిని మెట్ల దగ్గర ఆపి, మైకు లేకుండా ఆ పాట మొదటి వరుసలు పాడమన్నాను. అతనికి రావు. ముక్కలోనే నేర్చుకున్నానని దాచకుండా చెప్పాడు. పూర్తి పాట వాళ్ల నాన్నగారి ఫోనుకు పంపాను. తొమ్మిది రోజుల తరువాత ఫోను చేసి సాకీ నుంచి అందుకున్నాడు. గొంతు అక్కడక్కడా వణికింది, మాటలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. మూడో చరణం పాడి ఆగిపోయాడు.

“ఇక్కడ ఎంతసేపు ఆగాలి సార్?” అన్నాడు.