కెమెరాకు జెండా పాట

ఏనుమాముల మార్కెట్‌కు వచ్చే పత్తికీ మిర్చికీ లెక్కలున్నాయి. సింగరేణి బొగ్గుకు లెక్కలున్నాయి. ఉత్తర తెలంగాణలో వీటికి దీటుగా ఉత్పత్తి అవుతున్న మరో సరుకుకు మాత్రం ఇంతవరకూ ఏ శాఖా లెక్క కట్టలేదు. ఆ సరుకు కెమెరా సలహా. దీనికి వానలు అక్కర్లేదు, ఎరువులు అక్కర్లేదు, కనీస మద్దతు ధర అసలే అక్కర్లేదు. ఆదివారం ఉదయం హనుమకొండ చౌరస్తా దగ్గర మా ఫొటో సంఘం సభ్యులం పదహారు మందిమి రెండు చాయ్ బల్లలు కలిపి కూర్చుంటే చాలు, మధ్యాహ్నానికి జిల్లా అవసరాలు తీరి పొరుగు రాష్ట్రాలకు ఎగుమతి చేయగలిగినంత దిగుబడి వస్తుంది. అడగనివాడికి కూడా ఇంటిదాకా వెళ్ళి అందించే సేవ ఇది. ఇక అడిగినవాడి సంగతి చెప్పాలి.

శ్రావణ మాసంలో ఒక ఆదివారం మా కాలనీ లెక్కల సారు మా బల్ల దగ్గరకు వచ్చారు. ఆయన కూతురికి అయిదేళ్ళు. ఈసారి తన బతుకమ్మను తానే పేరుస్తానని ఇప్పటి నుంచే పేచీ పెడుతోందట. ఆ ముచ్చటను ఫొటో తీసి దాచుకోవాలని సారు కోరిక. అందుకోసం 40 వేలు పక్కన పెట్టారు. "ఏ కెమెరా కొనమంటారు?" అని అడిగారు.

"బడ్జెట్ ఎంత?" అన్నాం పదహారు మందిమీ.

ఆయన ఇప్పుడే చెప్పారు కదా అని మీకు అనిపించవచ్చు. పూజారి మన గోత్రం తెలిసి కూడా సంకల్పం ముందు మళ్ళీ అడుగుతాడు. తంతు తంతే.

మొదటి సభ్యుడు 40 వేలలో వచ్చే మంచి కెమెరా పేరే చెప్పాడు. ఆ క్షణంలో సారు లేచి వెళ్ళిపోయి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. కానీ చాయ్ వచ్చింది, ఆయన కూర్చున్నారు. రెండో సభ్యుడు ఆ కెమెరాతో ఇచ్చే లెన్సును తలుచుకుని పెదవి విరిచాడు. దీపాల వెలుగులో అది చేతులెత్తేస్తుందని, వెలుగును ఎక్కువగా రానిచ్చే 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు విడిగా కొనాలని అన్నాడు. ఇది నిజమే, నేనూ ఒప్పుకుంటాను. ఆ రోజు బల్ల మీద పలికిన చివరి నిజం కూడా అదే. మూడో సభ్యుడు చిన్న సెన్సరు (కెమెరా లోపల వెలుగును పట్టే పలక) మీద 50 పెడితే చూపులో 75 అయి కూర్చుంటుందని, అప్పుడు సారు గోడకు వీపు ఆనించి నిలబడినా ఫొటోలో పాప ముక్కూ ఒక చెవీ మాత్రమే పడతాయని భయపెట్టాడు. కాబట్టి పెద్ద సెన్సరుండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరా తప్ప గత్యంతరం లేదు.

సారు కలం తీసి చాయ్ బిల్లు వెనక లెక్క వేశారు. ఫుల్‌ఫ్రేమ్ సెన్సరు 36 మిల్లీమీటర్ల పొడవు, 24 వెడల్పు. మొత్తం 864 చదరపు మిల్లీమీటర్లు. చిన్నది 23.5కు 15.6, సుమారు 367. తేడా 497. "అంటే ఒక చిన్న తపాలా బిళ్ళంత స్థలం కోసం లక్ష రూపాయలు అదనంగా కట్టాలన్నమాట" అన్నారు. హనుమకొండలో గజం ధర తెలిసినవాళ్ళం కాబట్టి మాకు అది ఎక్కువగా అనిపించలేదు. పైగా రిజిస్ట్రేషన్ ఖర్చు లేదు.

ఏనుమాముల యార్డులో పొద్దున్నే జెండా పాట పాడతారు. ఆ రోజు మేలురకం మిర్చికి పలికిన ధర అది. పాడిన ధర అందరు రైతులకూ దక్కదు, వాళ్ళ బాధ అదే. మా బల్ల దగ్గర అలాంటి అన్యాయం జరగదు. పాట మేము పాడతాం, పాడిన ధర పైసా తగ్గకుండా సారే కడతారు. కెమెరా, లెన్సు, లెన్సును కాపాడే ఫిల్టరు, ఫిల్టరును కాపాడే మూత, మూత పోకుండా కట్టే తాడు, రెండు మెమరీ కార్డులు (ఒకటి పోతే?), ట్రైపాడ్, ఇవన్నీ పట్టే సంచి, ఆ సంచి పట్టే బండి డిక్కీ. మధ్యాహ్నం పన్నెండింటికి పాట 2 లక్షల 30 వేల దగ్గర ఆగింది. ఆగడానికి కారణం సారు కాదు, హోటలువాడు బల్లలు విడదీయడం.

రెండో ఆదివారం ఏ కంపెనీది కొనాలన్న చర్చ మొదలైంది. మన వేయిస్తంభాల గుడి త్రికూటాలయం. 1163లో రుద్రదేవుడు కట్టించిన ఆ గుడిలో శివుడికీ విష్ణువుకూ సూర్యుడికీ కట్టిన మూడు గర్భాలయాలు ఒకే మండపానికి ముఖం పెట్టి ఎనిమిది శతాబ్దాలకు పైగా సర్దుకుపోతున్నాయి. మా బల్ల మీద మాత్రం క్యానన్, నికాన్, సోనీ ఒక్క చాయ్ పూర్తయ్యేదాకా సర్దుకోలేవు. క్యాననువారు చర్మం రంగు తమ దగ్గరే చర్మంలా వస్తుందంటారు. నికానువారు చేతిలో పట్టుకుంటే తెలిసే బరువు గురించి మాట్లాడతారు, నాణ్యత అంటే కిలోల్లో ఉంటుందని వాళ్ళ నమ్మకం. సోనీవారు పక్షి కన్నును కెమెరా తానే వెతికి పట్టుకుంటుందని చెబుతారు. పక్షిని మాత్రం ఇంకా మనమే వెతుక్కోవాలి. మూలన కూర్చున్న ఇద్దరు ఫ్యుజి భక్తులు ఎవరితోనూ వాదించరు, జాలిగా చూస్తారు. తొలి కాకతీయులు జైనులని, తర్వాతివాళ్ళు శైవులయ్యారని చరిత్రకారులు అంటారు. వాళ్ళకు ఆ మార్పుకు తరాలు పట్టింది. మా సంఘం కోశాధికారి ఒకే ఒక దీపావళి తగ్గింపులో కంపెనీ మార్చేశాడు, పాత లెన్సులను బావమరిదికి అంటగట్టాడు. బావమరిది ఇప్పటికీ మాట్లాడటం లేదట.

మధ్యలో వార్తలొకటి. కొత్త కెమెరా విడుదలైందన్న వార్త వస్తే మిగతా ప్రపంచంలో అది శుభవార్త. మాకు సంతాప వార్త. నిన్న రాత్రి దాకా చక్కగా పనిచేసిన కెమెరా తెల్లవారేసరికి ముసలిదైపోతుంది, దాని యజమానిని అందరూ వరసగా పరామర్శిస్తారు. 1959 నుంచి కాపురం చేస్తున్న నికాన్ ఎఫ్ మౌంట్‌కు (కెమెరాకు లెన్సు బిగించే అమరిక) 2018లో జెడ్ మౌంట్ అనే సవతి వచ్చినప్పుడు, ఆ ఏడాదే క్యానన్ కూడా అద్దం లేని కొత్త వరస మొదలుపెట్టినప్పుడు, మా బల్ల దగ్గర రెండు వారాలు ఎవరూ సమోసా ముట్టలేదు. లోపలి అద్దం తీసేశారు, ధర పెంచారు. మా వీధిలో తలుపులు తీసేసిన ఇంటికి ఎవరూ ఎక్కువ ఇవ్వరు. అయినా కొన్నాం. 1975లో కొడాక్ ఇంజనీరు స్టీవ్ శాసన్ తయారు చేసిన డిజిటల్ కెమెరా ఒక్క ఫొటోను క్యాసెట్ మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు తీసుకుందట. మా కార్యదర్శి దగ్గరున్నది సెకనుకు 20 ఫొటోలు తీస్తుంది, అది చాలా నెమ్మదని ఆయన మనోవేదన. ఆయన ఎక్కువగా తీసేది రామప్ప గుడి నందిని. ఇప్పుడే లేవబోతున్నట్టు ఉంటుందని దానికి పేరు. అయినా ఎనిమిది వందల ఏళ్ళుగా లేవలేదు. లేచే రోజు వస్తే మాత్రం, ఆ సెకను ఎవరి కెమెరాలో పడుతుందో వేరే చెప్పాలా?

సలహాలే ఇస్తారా, ఫొటోలు తీయరా అని కొందరు ఈర్ష్యతో అడుగుతుంటారు. తీస్తాం. నెలకోసారి తెల్లవారుజామున ఖిలా వరంగల్ వెళ్తాం. పురావస్తు శాఖ వారు అనుమతి లేని ట్రైపాడ్లను లోపలికి రానివ్వరు. ఆ సంగతి మాకు బాగా తెలుసు కాబట్టి ప్రతిసారీ ఎనిమిది మోసుకొచ్చి కాపలాదారు గది ముందు పేరుస్తాం. తర్వాత కీర్తి తోరణం దగ్గర ఒకే చోట వరసగా నిలబడి, ఎదుటి తోరణం ఈ తోరణం మధ్యలో పడేలా ఒకే ఫొటోను పదహారు మందిమీ తీస్తాం. పదిహేడో ఫొటో అక్కరలేదని ఎవరైనా ఇప్పటిదాకా నిరూపించారా? పోయిన నెల అక్కడికి ఒక ముసలాయన మేకలను తోలుకొచ్చాడు. సూర్యుడు ఆయన వెనక ఉన్నాడు, మేకల కాళ్ళ కింద లేచిన దుమ్ము బంగారంలా వెలిగింది, ఒక మేకపిల్ల పడి ఉన్న హంస శిల్పం మీదికెక్కి మా వైపు చూసింది. ఆ సమయానికి మాలో ఏడుగురు లెన్సులు మారుస్తున్నారు, నలుగురు మెనూలో ఏదో వెతుకుతున్నారు, మిగిలినవాళ్ళు "కాస్త పక్కకు జరుగు తాతా, తోరణానికి అడ్డం వస్తున్నావు" అంటున్నారు. ఆయన జరిగాడు. మంచి మనిషి.

మా సంఘీభావాన్ని శంకించేవారు ఆ రోజు మా ఉపాధ్యక్షుడి బ్యాటరీ అయిపోయినప్పుడు చూడవలసింది. తొమ్మిది మంది తొమ్మిది బ్యాటరీలు చేతుల్లో పెట్టుకుని పరుగెత్తుకొచ్చారు. ఒక్కటీ పట్టలేదు. కళ్ళు చెమర్చాయి.

రామప్పకు వెళ్ళిన రోజు కూడా ఇలాగే గడిచింది. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. చూరు కింద మదనికలనే నల్లరాతి స్త్రీ శిల్పాలు, వాళ్ళ వెనక తెల్లగా మండే ఆకాశం. కెమెరాలో వెలుగు కొలిచే యంత్రం పాపం లోకమంతా మధ్యరకం బూడిద రంగులో ఉంటుందని నమ్మే జీవి. ఆకాశాన్ని చూసి బెదిరి ఫొటోను చీకటి చేస్తుంది, మదనిక పోయి నీడ మిగులుతుంది. దీనికి వైద్యం ఎక్స్‌పోజర్ చక్రాన్ని ప్లస్ వైపు ఒకటో ఒకటిన్నరో తిప్పడం. ఖర్చు సున్నా. అందుకే ఈ వైద్యాన్ని మా బల్ల మీద ఎవరూ సిఫారసు చేయరు. మూడు లక్షల కెమెరాతో నీడలను తర్వాత ఇంట్లో కూర్చుని పైకి లాగవచ్చు.

తీసిన ఫొటోలు ఏమవుతాయంటే, ఒకరికొకరు ఫోనులో పంపుకుంటాం. సారు ఇక్కడ కూడా లెక్క తీశారు. 45 మెగాపిక్సెళ్ళ ఫొటో దారిలో చిక్కి 1600కు 1067 చుక్కలై చేరుతోందట, అంటే 1.7 మెగాపిక్సెళ్ళు. మిగిలిన 43 ఎక్కడికి పోతున్నాయని బడిలో అడిగినట్టే అడిగారు. ఎవరూ చెయ్యి ఎత్తలేదు. ఎక్కడికి పోతే ఏమిటి, ప్రశంసలకు అడ్డం రానంతవరకు. ప్రశంసలు మా దగ్గర పెళ్ళి చదివింపుల పద్ధతిలో నడుస్తాయి. నా తోరణానికి ఆయన "అద్భుతం" అని చదివించాడు, నేను ఆయన నందికి అంతకు తగ్గకుండా చదివించాలి. ఒకసారి మరిచిపోయి "బాగుంది" అని ఊరుకున్నాను. మర్నాడు నా ఫొటోకు ఉత్త బొటనవేలు వచ్చింది. లెక్క సరిపోయింది.

వరంగల్‌లో పుట్టిన భరత్ భూషణ్ ఏళ్ళ తరబడి బతుకమ్మను, పల్లె జీవితాన్ని ఫొటోలు తీశారు. ఆ ఫొటోలు చూపిస్తే మావాళ్ళు ఒక నిమిషం మౌనంగా ఉంటారు. తర్వాత "ఏ లెన్సు వాడేవారో!" అంటారు. కళకు ఇంతకంటే నివాళి ఏముంటుంది?

ఏడు ఆదివారాలు గడిచాయి. వానలకు లెన్సుల్లో బూజు పడుతుందన్న విషయం మీద ఒక వారం పూర్తిగా పోయింది (నా లెన్సును బియ్యం డబ్బాలో దాచాను, అన్నంలో సిలికా జెల్ పొట్లం వచ్చిన రోజు నుంచి డబ్బా తాళం మా ఆవిడ దగ్గర ఉంది). ఎంగిలిపూల బతుకమ్మ నాటికి సారు జాబితాలో మూడు కెమెరాలు మిగిలాయి. సద్దుల బతుకమ్మ నాటికి అవి అయిదయ్యాయి.

ఆ సాయంత్రం పద్మాక్షి గుట్ట దగ్గర సారు తన భార్య ఫోను తీసుకున్నారు. దాని అద్దం ఒక మూల పగిలి ఉంది. మరుసటి ఆదివారం ఫొటో మా బల్ల మీదికి వచ్చింది. పాప మోకాళ్ళ మీద కూర్చుని పసుపు గౌరమ్మను బతుకమ్మ మీద పెడుతోంది. నాలుక కొస పెదవి మూలన బయటికొచ్చింది. గునుగు పూలకు అద్దిన గులాబీ రంగు వేళ్ళకు అంటింది, నుదుటి మీద ఒక తంగేడు రేకు. గౌరమ్మ పడిపోతుందేమోనని వెనక నుంచి ఎవరిదో గాజుల చెయ్యి, పాపకు తెలియకుండా.

ఫోను చేతులు మారింది. వేళ్ళతో పెద్దది చేసి చూశాం. చీకటిలో నాయిస్, అంటే చుక్కల గరుకు, ఉందన్నారు. దీపస్తంభం పాప తలలోంచి మొలిచిందన్నారు. గాజుల చెయ్యిని కత్తిరించేస్తే బాగుంటుందని నేనే అన్నాను. వెనకంతా మసకబారి ఉండాల్సింది, అందుకు ఎఫ్ 1.4 కావాలి అన్నారు. సారు శ్రద్ధగా విన్నారు, చాయ్ బిల్లు వెనక రాసుకున్నారు.

ఆయన ఇప్పటిదాకా కెమెరా కొనలేదు, ఒక్క ఆదివారం తప్పలేదు. మొన్న ఒక డిగ్రీ కుర్రవాడు మొహమాటంగా వచ్చి నిలబడ్డాడు. ఈసారి మేడారం జాతరకు వాళ్ళ నానమ్మ నిలువెత్తు బంగారం తూగుతుందట, ఆమె తక్కెట్లో కూర్చుని పక్కన బెల్లం పేర్చినప్పుడు ఒక ఫొటో తీయాలట. ఇరవై వేలలో ఏదైనా వస్తుందా అని అడిగాడు. మేము నోరు తెరవకముందే లెక్కల సారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు, కలం తీశారు, కళ్ళద్దాల పైనుంచి కుర్రవాణ్ని చూశారు.

"ముందు బడ్జెట్ ఎంతో చెప్పు బాబూ" అన్నారు.