"ఎవరు చూస్తున్నారు?" అంటే "అందరం" అని చెప్పే వీల్లేదు

టీవీలో యాప్ తెరవగానే ఇప్పుడు మొదట ఎదురయ్యేది ఒక ప్రశ్న. ఎవరు చూస్తున్నారు? కింద నాలుగు బొమ్మలు, వాటి కింద మా పేర్లు. అమ్మకొకటి, నాన్నకొకటి, తమ్ముడికొకటి, నాకొకటి. ముగ్గురం ఒకే సోఫాలో ఆనుకుని కూర్చున్నా సరే, ఎవరో ఒకరి పేరే నొక్కాలి. "అందరం" అనే బొమ్మ అక్కడ ఉండదు. చాలా రోజులుగా నా మనసులో నలుగుతున్నది ఆ ఒక్క తెరలో కనిపిస్తుంది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ఇలా ఇంటర్నెట్ ద్వారా యాప్‌లో చూసే స్ట్రీమింగ్ వల్ల వచ్చిన మేలు నాకు తెలుసు. నైట్ డ్యూటీ చేసేవాళ్ళు తమకు వీలున్నప్పుడు చూసుకుంటున్నారు. వినికిడి తగ్గినవాళ్ళు సబ్‌టైటిల్స్ పెట్టుకుంటున్నారు. ఎప్పుడూ వినని భాషలో తీసిన కథలు కూడా మన గదిలోకి వస్తున్నాయి. పాత టీవీలో ఎనిమిదింటి సీరియల్ అంటే ఎనిమిదింటికే, తప్పిపోతే పోయినట్టే. ఆ రోజులే మేలని నేను అనడం లేదు.

కానీ జరిగిన మార్పు చిన్నది కాదు. నెట్‌ఫ్లిక్స్ ఇంటర్నెట్‌లో వీడియోలు చూపించడం మొదలుపెట్టింది 2007లో. 2013 ఫిబ్రవరిలో తన సొంత సిరీస్ ఒకటి, మొత్తం 13 ఎపిసోడ్లూ ఒకేరోజు విడుదల చేసింది. అదే ఏడాది ఒకే అకౌంట్‌లో మనిషికో ప్రొఫైల్, అంటే పేరుతో ఉండే ఆ బొమ్మ, తెచ్చింది. ఎపిసోడ్లన్నీ ఒకేసారి ఇవ్వడం "ఎప్పుడు చూడాలి" అన్నదాన్ని మన చేతిలో పెట్టింది. రెండోది, ఆ ప్రొఫైల్, "ఎవరితో చూడాలి" అన్న ప్రశ్నే లేకుండా చేసింది. మొదటిదాని గురించి అందరూ మాట్లాడారు. నాకు మాత్రం రెండోదే పెద్ద మార్పు అనిపిస్తుంది.

అమెరికాలో 1983 ఫిబ్రవరి 28న మ్యాష్ అనే సీరియల్ ఆఖరి ఎపిసోడ్‌ని పది కోట్లకు పైగా జనం ఒకే రాత్రి చూశారు. మర్నాడు పొద్దున వాళ్ళంతా ఎంత మాట్లాడుకుని ఉంటారో ఊహించండి. మన చిన్నప్పుడు కూడా "నిన్నటి ఎపిసోడ్ చూశావా?" అన్న మాటతోనే ఎన్నో కబుర్లు మొదలయ్యేవి. ఇప్పుడు అదే మాట ఎత్తితే ఎదుటి మనిషి చెవులు మూసుకుని "చెప్పొద్దు, చెప్పొద్దు, నేనింకా మూడో ఎపిసోడే" అంటారు. వాళ్ళు చూసి వచ్చేసరికి నేను మర్చిపోతాను. ఇద్దరం చూసింది ఒకే కథ, కానీ దాని గురించి మాట్లాడుకునే రోజు మాత్రం రానే రాదు.

ఇక మా నాన్న సంగతి. ఆయనకి 74 ఏళ్ళు. పాత రిమోట్‌లో ఏ ఛానల్ ఏ నంబరో కంఠతా వచ్చు. కరెంటు పోయి వచ్చినా చీకట్లో వేలితో తడుముకుని తనకు కావాల్సిన ఛానల్ పెట్టేవారు. టీవీ ఆన్ చేయగానే ఏదో ఒకటి నడుస్తూ ఉండేది. నచ్చితే చూసేవారు, లేదంటే పక్క ఛానల్‌కి వెళ్ళేవారు. ఇప్పుడు ఆన్ చేస్తే ముందు అప్‌డేట్ అడుగుతుంది. తర్వాత ప్రొఫైల్. ఒక్కోసారి లాగిన్ పోయి, ఫోన్‌కి కోడ్ పంపాం, అది కొట్టండి అంటుంది. ఆ ఫోన్ లోపలి గదిలో ఉంటుంది. అన్నీ దాటుకుని లోపలికి వెళ్తే వరసలు వరసలుగా పోస్టర్లు. ఒకదాని మీద ఆగి పేరు చదువుకునేలోపే ట్రైలర్ గట్టిగా మొదలవుతుంది. పావుగంట అలా పైకీ కిందికీ తిప్పి, చివరికి రిమోట్ నా చేతిలో పెట్టి "నువ్వే ఏదో ఒకటి పెట్టమ్మా" అంటారు. తన ఇంట్లో తన టీవీ పెట్టుకోవడానికి ఆయన ఇంకొకరిని అడగాల్సి వస్తోంది. అది చూసినప్పుడల్లా నాకు ఏడుపొస్తుంది.

ఎలాగో కష్టపడి ఒక సిరీస్ అలవాటు చేసుకున్నారు. ఆరు ఎపిసోడ్లు అయ్యాయి. ఏడోదానికి వెళ్తే అసలు సిరీసే లేదు. ముందు ఒక మాట చెప్పలేదు, తీసేశారంతే. పాత టీవీలో సీరియల్ ఆపేస్తే ఊరంతా అనుకునేది. ఇక్కడ ఆ సిరీస్ ఉండేదని ఎవరితో చెప్పుకోవాలో కూడా ఆయనకి తెలియలేదు.

మ్యాచ్‌ల సంగతైతే మరీ బాధ. మొన్న ఒక ఫైనల్ చూస్తున్నాం, ఆఖరి ఓవర్. మా తెర మీద బౌలర్ ఇంకా పరుగు మొదలుపెట్టలేదు, పక్కింట్లోంచి కేకలు వినిపించాయి. వాళ్ళది మామూలు కనెక్షన్, మాది యాప్. స్ట్రీమింగ్‌లో వీడియోని కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి పంపుతారు. మధ్యలో ఆగకుండా ఉండటానికి మన టీవీ కొన్ని ముక్కలు ముందే పోగుచేసుకుని అప్పుడు చూపిస్తుంది. అందుకే అర నిమిషం వెనక ఉండటం మామూలే. నాన్న ఏమీ అనలేదు. ఆ కేకలు విని, రాబోయేది తెలిసిపోయి, అలాగే కూర్చుని ఆ బంతి చూశారు.

నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇంకొకటి ఉంది. టీవీలో మనం విసుక్కున్నవన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి వచ్చేశాయి. నెట్‌ఫ్లిక్స్ 2022 నవంబర్‌లో కొన్ని దేశాల్లో ప్రకటనల ప్లాన్ తెచ్చింది. అమెజాన్ ప్రైమ్ వీడియో 2024 జనవరిలో అమెరికాలో ప్రకటనలు మొదలుపెట్టింది. వారానికో ఎపిసోడ్ పద్ధతి మళ్ళీ వచ్చింది. నాలుగు యాప్‌లు కలిపి ఒక ప్యాక్ అంటున్నారు, అది పాత కేబుల్ ప్యాకేజీ కాక ఇంకేమిటి? ప్రేమంటే పాస్‌వర్డ్ పంచుకోవడమే అని 2017లో ట్విట్టర్‌లో రాసిన నెట్‌ఫ్లిక్సే 2023లో ఇల్లు దాటి పాస్‌వర్డ్ వాడితే అదనంగా కట్టమంది. చెడ్డవన్నీ తిరిగొచ్చినప్పుడు, ఆన్ చేస్తే చాలు అందరం కలిసి చూసే ఆ ఒక్క మంచి ఎందుకు రాలేదు?

వెనక్కి వెళ్ళే దారి లేదని నాకూ తెలుసు. జనం టీవీలో ఏది ఎంతసేపు చూస్తున్నారో లెక్కగట్టే నీల్సన్ అనే సంస్థ లెక్కల్లో 2025 మే నెలలో అమెరికాలో టీవీ తెర మీద చూసిన సమయంలో స్ట్రీమింగ్ వాటా 44.8 శాతం. మామూలు ప్రసారాలూ కేబులూ కలిపినా 44.2 శాతమే. స్ట్రీమింగ్ ఆ రెండింటినీ కలిపి దాటడం అదే మొదటిసారి. టీవీ స్థానంలోకి వచ్చినవాళ్ళు టీవీ చేసిన పని కూడా చేయాలి కదా. ఆన్ చేయగానే ఏదో ఒకటి నడిచే ఒక బటన్ ఇవ్వండి. తీసేయబోయే సిరీస్‌ని చూస్తున్నవాళ్ళకి నెల ముందే తెర మీద పెద్ద అక్షరాల్లో చెప్పండి. ఆ మొదటి తెర మీద "అందరం" అని ఒక బొమ్మ పెట్టండి. ఇందులో ఏదీ వాళ్ళకి చేతకాని పని కాదు.

ఈలోగా మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. తమ్ముడు వేరే ఊళ్ళో ఉంటాడు. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకి వాడు ఫోన్ చేస్తాడు, అమ్మ స్పీకర్ ఆన్ చేస్తుంది. రెండు చోట్లా అదే ఎపిసోడ్ పెట్టి ఆపి ఉంచుతాం. నాన్న గట్టిగా "ఒకటి, రెండు, మూడు" అంటారు. మూడు అనగానే ఇక్కడ ఆయన, అక్కడ వాడు ప్లే నొక్కుతారు. ఒక్కోసారి వాడిది రెండు సెకన్లు వెనకబడుతుంది. ముందు మేము నవ్వుతాం, తర్వాత ఫోన్‌లో వాడి నవ్వు వినిపిస్తుంది. ఎపిసోడ్ అయిపోగానే తెర మీద తర్వాతి ఎపిసోడ్‌కి అంకెలు తగ్గడం మొదలవుతుంది. అవి సున్నాకి వచ్చేలోపే నాన్న టీవీ ఆపేసి, "ఇక వచ్చే ఆదివారమే. చెప్పరా, వాడు ఉత్తరం ఎందుకు దాచాడంటావు?" అని ఫోన్ దగ్గరికి జరుగుతారు.