నాయకుడికి వినయం అక్కరకొస్తుందా?

(తీర్మానం: నాయకుడికి కావలసింది తెగువ. వినయం, నేర్చుకోవడం శిష్యుల పని. వాది సమర్థిస్తారు, ప్రతివాది ఖండిస్తారు.)

వాది: అధ్యక్షా, దారి చూపమని జనం అడిగితే "నేనూ నేర్చుకుంటున్నానండీ" అనేవాడి వెనక ఎవరు నడుస్తారు? 1940 మేలో ఫ్రాన్స్ కూలిపోతుంటే, ఇటలీ మధ్యవర్తిత్వంతో సంధి సంగతి చూద్దామన్న మాట బ్రిటన్ యుద్ధ మంత్రివర్గంలోనే వచ్చింది. చర్చిల్ ససేమిరా అన్నాడు. ఆ రోజు వినయం చూపి ఉంటే?

ప్రతివాది: ఆ చర్చిలే, శాఖలు పంపే అంకెలతో సరిపెట్టుకోకుండా విడిగా గణాంక విభాగం పెట్టుకున్నాడు. తనకు అందేదంతా నిజం కాకపోవచ్చన్న అనుమానం ఉన్నవాడే ఆ పని చేస్తాడు. వినయమంటే చేతులు కట్టుకుని నిలబడడమని ఎవరన్నారు?

వాది: అది జాగ్రత్తండీ, వినయం కాదు.

ప్రతివాది: ఏ పేరైనా పెట్టండి. అది లేనిచోట ఏమైందో చూడండి. 1977 మార్చి 27, స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే ద్వీపంలోని విమానాశ్రయం, దట్టమైన పొగమంచు. డచ్ విమానం కెప్టెన్ సామాన్యుడు కాడు, ఆ రకం విమానాలు నడపడం మిగతా పైలట్లకు నేర్పేవాడే. విమానం పరుగందుకున్నాక, ఎదుటి విమానం రన్‌వే ఖాళీ చేయలేదా అని ఫ్లైట్ ఇంజనీర్ అడిగాడు. చేసిందని కెప్టెన్ గట్టిగా చెప్పాడు. ఇక ఎవరూ నోరెత్తలేదు. రెండు విమానాలూ ఢీకొని 583 మంది పోయారు. పొగమంచు, ఒకదానికొకటి అడ్డుపడిన రేడియో మాటలు కూడా కారణాలే, కాదనను. కానీ ఆ తర్వాత పైలట్ల శిక్షణలో ఏం మారింది? అనుమానం వస్తే కింది సిబ్బంది చెప్పి తీరాలి, కెప్టెన్ విని తీరాలి. ఎన్నేళ్ల అనుభవం ఉన్నా ఆ పాఠం మళ్లీ మళ్లీ చదవాల్సిందే.

వాది: ఆ చదువుకు ఫీజు ఎవరు కడుతున్నారో చెప్పరేం? 1961 ఏప్రిల్‌లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ ఒప్పుకుంటేనే, క్యూబా వదిలి వచ్చిన ప్రవాసుల దళం ఆ దేశం మీదికి దిగింది. వెయ్యిమందికి పైగా బందీలయ్యారు. ఆయన పాఠం నేర్చుకున్నాడు, మంచిదే. జైల్లో కూర్చున్నది ఆయన కాదే!

(గట్టి దెబ్బే. ప్రతివాది కాసేపు కాగితాలు తిరగేశారు.)

ప్రతివాది: కిందివాళ్లే కట్టారు, ఒప్పుకుంటాను. నేర్చుకోకపోతే మాత్రం రెండోసారీ వాళ్లే కట్టాలి. 1962 అక్టోబర్‌లో అదే క్యూబాలో సోవియట్ క్షిపణులు బయటపడ్డాయి. ఈసారి కెనెడీ కొన్ని సమావేశాలకు కావాలనే వెళ్లలేదు, తనుంటే సలహాదారులు మనసులో మాట చెప్పరని. మొదట్లో బాంబులు వేద్దామన్న వాదనే బలంగా వినిపించింది, చివరికి నౌకా దిగ్బంధంతో సరిపెట్టారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాడు ఆ పదవిలో ఉంటే?

వాది: ఏమయ్యేదో మీకూ తెలీదు, నాకూ తెలీదు. వినడం ఎప్పుడు ఆపాలో అది చెప్పండి. వినయవంతులుగా పేరుపడ్డవాళ్లు చాలామంది అందరి మాటా వింటూనే కూర్చుంటారు. తీరా పని చేజారాక కమిటీ మీదికి తోసేస్తారు.

ప్రతివాది: అది పిరికితనం, దాన్ని వెనకేసుకురాను. నిర్ణయం మార్చుకునే వ్యవధి ఉన్నంతసేపూ వినాలి, ఆపైన భారమంతా తన నెత్తినే వేసుకోవాలి. 1863లో అమెరికా అంతర్యుద్ధంలో విక్స్‌బర్గ్ పట్టణాన్ని గెలిచిన సేనాని గ్రాంట్‌కు అధ్యక్షుడు లింకన్ ఉత్తరం రాశాడు, మీ ఎత్తుగడ తప్పనుకున్నాను, మీరే ఒప్పు, నాదే పొరపాటు అని. అలా రాయమని ఆయన్నెవరూ అడగలేదు.

వాది: గెలిచాక రాయడం తేలికేనండీ. ఓడిపోయి ఉంటే ఆ ఉత్తరం వచ్చేదా?

ప్రతివాది: ఓడి ఉంటే లింకన్ అనుమానమే నిజమయ్యేది కదా! ఇక తప్పు ఒప్పుకునేదేముంది?

(సభలో నవ్వులు. వాది ఇంకేదో అనబోతుండగా అధ్యక్షుడు గంట కొట్టి ఓటింగ్ మొదలుపెట్టారు.)