వేర్‌హౌస్ తనంతట తానే సర్దుకుంటుందన్న వాదనకు ఖండన

డేటా వేర్‌హౌస్‌ను, అంటే సంస్థలోని పలు వ్యవస్థల డేటాను విశ్లేషణ కోసం ఒకచోట చేర్చి ఉంచే నిల్వను, ఆటోమేట్ చేస్తే సోర్స్‌లో (డేటా వచ్చే అసలు వ్యవస్థలో) ఏ మార్పు వచ్చినా అది తనంతట తానే సర్దుకుంటుందనీ, చరిత్ర దానంతట అదే భద్రమవుతుందనీ, ఇక మోడలింగ్‌తో (డేటాను ఏ టేబుళ్లుగా, ఏ సంబంధాలతో అమర్చాలో తేల్చే పనితో) పనిలేదనీ ఒక వాదన విస్తృతంగా ప్రచారంలో ఉంది. మెటాడేటా (టేబుళ్లు, కాలమ్‌ల వివరాలు) నుంచి లోడింగ్ కోడ్‌ను తయారుచేసే టూల్స్‌ను నేను రోజూ వాడుతున్నాను. వందల టేబుళ్లకు చేత్తో ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ భాష) కోడ్ రాసిన రోజులు మళ్లీ రావాలని కోరుకోను. అయినా ఈ వాదనను నమ్మితే నష్టపోయేది తప్పుడు అంకెలను చూసి నిర్ణయాలు తీసుకునేవారు గనుక, ఇందులోని ఒక్కో మాటనూ పరీక్షించక తప్పదు.

మొదటిది, ఏ మార్పు వచ్చినా సర్దుకుంటుందన్న మాట. వేర్‌హౌస్‌లోని డేటాను కావలసిన టేబుళ్లుగా మార్చేందుకు విరివిగా వాడే డీబీటీ (dbt) అనే టూల్‌నే తీసుకుందాం. దాని ఇంక్రిమెంటల్ మోడల్‌లో, అంటే ప్రతిసారీ కొత్తవీ మారినవీ అయిన వరుసలను మాత్రమే ఎక్కించే టేబుల్‌లో, కాలమ్‌లు మారితే ఏం చేయాలో చెప్పే సెట్టింగుకు నాలుగు విలువలున్నాయి. మనం ఏదీ ఎంచుకోకపోతే అమలయ్యేది ‘పట్టించుకోవద్దు’ అన్నదే. అంటే కొత్త కాలమ్ వేర్‌హౌస్ టేబుల్‌లోకి రానే రాదు. చేర్చమని చెప్పినా, అప్పటికే ఉన్న పాత వరుసల్లో ఆ గడి ఖాళీగానే మిగులుతుంది. కాలమ్‌లన్నిటినీ కొత్త రూపానికి సరిచేయమంటే మరో చిక్కు ఉంది: ఎవరైనా ఒక కాలమ్ పేరు మార్చినప్పుడు టూల్‌కు పేరు మారినట్టు తెలియదు, పాతది పోయి కొత్తది వచ్చినట్టే కనిపిస్తుంది, దాంతో పాత కాలమ్‌ను అందులోని ఏళ్ల డేటాతో సహా తొలగిస్తుంది. నాలుగోది, లోడును ఆపేయడం. వీటిలో ఏది తగునో టేబుల్‌ను బట్టి ఒక మనిషి తేల్చవలసిందే.

పైగా ఇవన్నీ కంటికి కనిపించే మార్పులు. పేరూ టైపూ అలాగే ఉండి, అర్థం మాత్రమే మారినప్పుడు అసలు ప్రమాదం వస్తుంది. నేను పనిచేసిన ఒక చోట ‘మొత్తం’ అనే కాలమ్‌లో పన్నుతో కలిపి వస్తున్న అంకె, అప్లికేషన్ అప్‌డేట్ తర్వాత పన్ను లేకుండా రావడం మొదలైంది. రాత్రి లోడు ఒక్క ఎర్రర్ లేకుండా ముగిసింది, అమ్మకాలు పడిపోయాయని రిపోర్టు చెప్పింది. తప్పు పట్టుకున్నది ఇన్‌వాయిస్‌ను పక్కన పెట్టుకుని సరిచూసిన అకౌంటెంటు. ఇంతకంటే పెద్ద ఉదాహరణ అమెరికా వైద్యరంగంలో ఉంది. అక్కడ 2015 అక్టోబర్ 1న రోగ నిర్ధారణ కోడ్‌లు ఐసీడీ-9 (రోగాల అంతర్జాతీయ వర్గీకరణ, 9వ కూర్పు) నుంచి ఐసీడీ-10కు మారినప్పుడు, సుమారు 14,000 కోడ్‌ల స్థానంలో దాదాపు 69,000 వచ్చాయి. గాయం కుడివైపా ఎడమవైపా అన్నది కూడా కొత్త కోడ్‌లో ఉంటుంది; పాతదానిలో ఆ సమాచారమే లేదు. లేని సమాచారాన్ని ఏ ఆటోమేషన్ పుట్టించగలదు? రెండు కాలాల అంకెలను ఏ స్థాయిలో కలిపి చూడవచ్చో వైద్యం తెలిసినవారు కూర్చుని నిర్ణయించాలి.

ఇక చరిత్ర సంగతి. కస్టమర్ రికార్డులో ఊరి పేరు మారిందనుకోండి. అతను నిజంగా ఊరు మారితే పాత వరుసను ముగించి కొత్త వరుస తెరవాలి; మా రంగంలో దీన్ని టైప్ 2 అంటారు. అక్షరదోషాన్ని సరిదిద్దితే పాత విలువ మీదే రాయాలి; దీన్ని టైప్ 1 అంటారు. డేటాబేస్ లాగ్‌లో (మార్పులు నమోదయ్యే చిట్టాలో) రెండూ ఒకే రకం అప్‌డేట్‌గా కనిపిస్తాయి. కాబట్టి అన్నిటినీ టైప్ 2గా నిలబెట్టే టూల్ అక్షరదోషాలను కూడా వలసలుగా లెక్కవేస్తుంది. రాత్రికి ఒకసారి మాత్రమే సోర్స్‌ను చదివే పద్ధతిలోనైతే, పగలు రెండుసార్లు మారిన విలువలో మధ్యది శాశ్వతంగా పోతుంది.

మోడలింగ్ అక్కర్లేదన్న మాటకు ఎక్కువ జవాబు అవసరం లేదు. మార్పును తట్టుకోవడంలో, వేర్‌హౌస్ టేబుళ్లను అమర్చే డేటా వాల్ట్ పద్ధతికి మంచి పేరుంది. కొత్త సోర్స్ వస్తే పాత టేబుళ్లను కదపకుండా కొత్త శాటిలైట్ (వివరాలనూ వాటి చరిత్రనూ ఉంచే టేబుల్) తగిలించవచ్చు. అయితే హబ్‌కు (శాటిలైట్లు తగిలే మూల టేబుల్‌కు) బిజినెస్ కీ, అంటే కస్టమర్ నంబరు లాంటి గుర్తింపు, ఏదో, రెండు వ్యవస్థల్లోని ‘కస్టమర్’ ఒకరేనో కాదో ముందే తేల్చినప్పుడే అది సాధ్యమవుతుంది, ఆ తేల్చడమే మోడలింగ్.

ఇప్పుడు మా డబ్బు లెక్కల టేబుళ్లన్నిటికీ డీబీటీలోని ఆ కాలమ్ మార్పుల సెట్టింగును ‘ఆపేయి’ మీదే ఉంచాం. అర్థం మారితే అది చాలదు గనుక, టేబుల్‌లోని రోజువారీ మొత్తాన్ని ఇన్‌వాయిస్‌ల మొత్తంతో పోల్చే పరీక్షను కూడా చేర్చాం. కొన్ని ఉదయాలు లోడు ఆగిపోయి ఉంటుంది. అప్పుడు సోర్స్ బృందానికి ఫోన్ చేసి, ఆ కాలమ్ ఎందుకు మారిందో అడిగి తెలుసుకున్న తర్వాతే మళ్లీ నడుపుతాం.