వాట్లకంటే ముందు మిక్సీ అడుగున ఉన్న ప్లేటు చూడండి

‘టిఫిన్ సెంటరుకైనా 1000 వాట్ల ఫుడ్ ప్రాసెసర్ (మిక్సీ జార్లు, తరిగే గిన్నె కలిసి వచ్చే మిషన్) ఒక్కటి చాలు’ అన్న మాట కర్నూలు, అనంతపురం వైపు కుదరదండీ. ఉగ్గానిలోకి పప్పుల పొడి, దోసెకు ఎర్రకారం, బుడ్డల (వేరుశనగల) చట్నీ, అన్నీ పొద్దున్నే ఒకేసారి పడతాయి. కొనేముందు మిషన్ అడుగున వివరాలు రాసి ఉండే ప్లేటు చదవండి. ‘5 నిమిషాలు ఆన్, 2 నిమిషాలు ఆఫ్’ అని ఉంటే అది ఇంటి మిషనే. ఆపకుండా తిప్పితే వేడెక్కి ఓవర్‌లోడ్ బటన్ పడి మిషన్ ఆగిపోతుంది. చల్లారకముందే దాన్ని మళ్లీ మళ్లీ నొక్కితే మోటారులోని తీగచుట్ట (వైండింగ్) కాలుతుంది.

ఎక్కువ మిక్సీలు పోయేది ఎర్రకారం దగ్గరే. మిరపకాయలు నానకుండా వేస్తే ముద్ద బ్లేడుకు పట్టేసి కప్లర్ (జార్‌ను మోటారుకు కలిపే పళ్ల చక్రం) పళ్లు అరిగిపోతాయి. అరగంట వేడినీళ్లలో నానేసి, ఉప్పు, తెల్లగడ్డలతో ముందు తిప్పండి, ఎర్రగడ్డలు తర్వాత. జార్ సగానికి మించొద్దు. కప్లర్ ఒకటి ఎప్పుడూ స్పేరుగా ఉండాలి, ఆదివారం పొద్దున షాపు తెరవరు.

ఇడ్లీ, దోసె పిండికి రాతి గ్రైండర్ వేరేగా ఉండాల్సిందే. మిక్సీలో పిండి వేడెక్కుతుంది, మన ఎండలకు తొందరగా పులిసిపోతుంది. ప్రాసెసర్ గిన్నెను కూరగాయలు తరగడానికి, చపాతీ పిండి కలపడానికి ఉంచుకోండి. ఎర్రగడ్డలు మాత్రం పల్స్‌లో రెండు మూడు విడతలే, ఆపకుండా తిప్పితే నీళ్లూరి ముద్దవుతాయి.